శనివారం సంతకాలు

ఫిబ్రవరి 11

అక్కా,

కవరు మీద ముద్ర చూడగానే ఈ ఉత్తరం ఎక్కణ్ణుంచి వచ్చిందో నీకు తెలిసిపోయి ఉంటుంది. గుండె పట్టుకుని కూర్చోకు. కళ్లు నలుపుకోకు కూడా, ఆపరేషనైన కన్ను.

పోయిన గురువారం మధ్యాహ్నం బస్సు డిపోకి పోలీసులొచ్చారు. పద్నాలుగు ఆదివారాలు బస్సులకి పోసినట్టు రాసిన డీజిలు ఏ బస్సులోనూ పడలేదట. స్టోరుకీపర్ని నేను. చీటీల మీద సంతకం నాది. కంపెనీ సొత్తు కాజేశానని, నమ్మకద్రోహం చేశానని కేసు పెట్టారు. తాళాల గుత్తి బల్ల మీద పెట్టమన్నాడు మేనేజరు, పెట్టాను. ఏడేళ్లు నడుముకి వేలాడిన బరువు కదా, అది తీసేసరికి ప్యాంటు జారుతుందేమోనని పట్టుకున్నాను. నువ్వుంటే నవ్వేదానివి.

ఇక్కడ గదిలో తొమ్మిదిమందిమి. నా పక్కన పడుకునేది ఒక లారీ డ్రైవరు, నిద్రలో కూడా గేర్లు మారుస్తాడు. కుళాయి ఒకటే. తిండికి లోటు లేదు, రుచికే.

నాకు డబ్బు పెట్టి లాయర్ని పెట్టుకునే స్తోమత లేదని కోర్టే ఒకావిణ్ణి ఇచ్చింది. చిన్న వయసే గానీ ఫైలు చదివి వచ్చింది, అదే గొప్ప అన్నాడు డ్రైవరు. కేసు సంగతి ఉత్తరాల్లో ఒక్క ముక్క రాయొద్దంది. వచ్చే ఉత్తరం, పోయే ఉత్తరం ఇక్కడ ఒకాయన చదివి, ముద్ర వేస్తేనే కదులుతుంది. అందుకని ఒక్కోటి పది రోజులు పడుతుంది.

నువ్వు రావొద్దు. ఇంకో నెల ప్రయాణాలు కూడదని కంటి డాక్టరు చెప్పాడు కదా. చుక్కల మందు రోజుకి నాలుగుసార్లు, మర్చిపోకు.

నీ పొట్టోడు


ఫిబ్రవరి 23

ఒరేయ్ పొట్టోడా,

ముందుగా ఈ ఉత్తరం చదివే అయ్యగారికి నమస్కారం. అయ్యా, ఇది అక్క తమ్ముణ్ణి తిట్టే ఉత్తరం. మీరు చెవులు మూసుకోండి, కళ్లు ఎలాగూ మూసుకోరు.

కళ్లు నలుపుకోకని రాశావు. ఏడ్చిందెవర్రా? నేను ఏడవలేదు. మిషను తొక్కొద్దని డాక్టరు చెప్పినా తొక్కి, ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేశాను, అంతే. చొక్కా ఆయన చూసి ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. అంటే వీధిలో అందరికీ తెలిసిపోయింది. ఆపరేషనయ్యాక పది రోజులు తల వంచుకునే ఉండమన్నాడు డాక్టరు. ఆ పది రోజులూ అయిపోయాయి కదాని తల ఎత్తబోతే ఇప్పుడు నువ్వు వంచావు.

టీ కొట్టాయన చెప్పాడు, బెయిలు రావాలంటే పూచీకి ఆస్తి కాగితం చూపించాలట. మనకి ఉన్నది నీ పేరు మీదున్న ఆ స్థలం ఒక్కటే. పదకొండేళ్లు కాజాలు కుట్టి వాయిదాలు కట్టాను దానికి. అది అమ్మితే నా ముఖం చూడొద్దని నీ చేత ఒట్టు వేయించుకున్నదాన్ని నేనే, ఇప్పుడు నేనే చెబుతున్నాను. దస్తావేజు ఎక్కడ పెట్టావో లాయరమ్మకి చెప్పు. నీకంటే ఎక్కువా స్థలం?

ఇంకొకటి. నా కంటి వెనక పొర ఊడిందని తెలిసిన మూడో రోజుకల్లా అంత డబ్బు పంపావు. ఎక్కడిదంటే ఆఫీసులో అడ్వాన్సు అన్నావు. నిజమేనా? నాకు నిద్ర పట్టడం లేదురా.

ఒకే ఒక్క మాట రాయి. తీశావా, లేదా? అయ్యగారు చదివినా ఫర్వాలేదు.

అక్క


మార్చి 6

అక్కా,

పోలీసాయన అడిగాడు. మేజిస్ట్రేటుగారు అడిగారు. లారీ డ్రైవరు కూడా అడిగాడు, వాడికి పొద్దుపోక. వాళ్లెవరూ నన్ను ఎరగరు, అడుగుతారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు పక్కింటావిడ పర్సు కనబడక నా జేబులు తడిమితే చీపురు తిరగేసి ఆవిణ్ణి వీధి చివరిదాకా తరిమిందెవరు? అప్పుడు నువ్వు నన్ను ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు అడిగావు. నేను జవాబు రాయను. అడగాల్సిన మనిషివి కాదు నువ్వు.

స్థలం మాట ఎత్తకు. దస్తావేజు కోసం వెతక్కు. బెయిలు దరఖాస్తు పోయిన వారం కొట్టేశారు, పూచీ లేదని. ఉంటాను, ఏమీ చచ్చిపోను.

చుక్కలు వేసుకుంటున్నావా?

తమ్ముడు


మార్చి 18

అక్కా,

మొన్న రాసిన ఉత్తరం నీకు ఈపాటికి చేరి ఉంటుంది. చించి పారెయ్. అన్నం ముట్టకుండా రాసిన ఉత్తరం అది.

నిన్న లాయరమ్మ వచ్చి రెండు గంటలు కూర్చుంది. ఇక దాచొద్దు, ఇదంతా రేపు కోర్టులో మనమే చెప్పబోయేది, మీ అక్కకీ రాయి అంది. రాస్తున్నాను. ఒట్టు తప్పాను కనక ముందే చెంపలేసుకుంటున్నాను.

ఆ స్థలం లేదక్కా. అమ్మేశాను. మూడు రోజుల్లో ఆపరేషన్ జరక్కపోతే కన్ను పోతుందని డాక్టరు అంటే, కొనడానికి వచ్చిన మొదటి మనిషి ఎంతంటే అంతకి ఇచ్చేశాను. అదంతా ఆసుపత్రికే సరిపోయింది. నీకు చెబితే ఆపరేషన్ బల్ల మీంచి దిగి వెళ్లిపోయేదానివి. అందుకని అడ్వాన్సని అబద్ధమాడాను.

చీటీల సంగతి ఇది. స్టోరుకీపరు చీటీ లేనిదే బంకులో చుక్క డీజిలు పొయ్యరు. ఆదివారం నాకు సెలవు. ఆ రోజు బస్సులు ఆగకూడదని ప్రతి శనివారం సాయంత్రం ఖాళీ చీటీల మీద సంతకాలు పెట్టి మేనేజరు సొరుగులో పెట్టి వెళ్లేవాణ్ణి. నాకు ముందున్న స్టోరుకీపరూ అదే చేశాడు, ఆయనకి ముందున్నాయనా అదే. ఎవరికీ తప్పని తోచలేదు. బస్సు నంబర్లు, లీటర్లు ఎవరు నింపారో నాకు తెలీదు. సొరుగు తాళం నా దగ్గర లేదు.

లాయరమ్మ ఏమందంటే, సరుకు నాకు అప్పజెప్పారని వాళ్లు చూపించగలరు, కానీ అది నేను సొంతానికి వాడుకున్నానని కూడా చూపించాలి. అది వాళ్ల పని, మన పని కాదు. ఖాళీ చీటీ మీద సంతకం అజాగ్రత్త. అజాగ్రత్తకి ఉద్యోగం పోతుంది, జైలు రాదు. వాళ్ల చేతిలో ఉన్నదల్లా నేను నీకు పంపిన డబ్బు ఒక్కటే. దానికి స్థలం అమ్మిన కాగితం చూపిస్తే ఆ తాడు కూడా తెగుతుందంది. మొదటిసారి ఆవిడ నవ్వింది అక్కా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పమంది. కంపెనీ వాళ్లు ఎవరైనా నీ దగ్గరికి వస్తే ఒక్క పైసా కట్టకు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. మంచినీళ్లిచ్చి పంపెయ్.

నువ్వు అడిగినదానికి జవాబు. తియ్యలేదు.

నీ పొట్టోడు


మార్చి 19

నాన్నా పొట్టోడా,

నీ కోపం ఉత్తరం మొన్న చేరింది. చదివి ఒక పూట నీ మీద అలిగాను. ఇప్పుడు అలక లేదు. నువ్వు ఇంటికి వస్తున్నావురా!

నిన్న పొద్దున మీ మేనేజరు వచ్చాడు. అంత పెద్దమనిషి నా కుట్టుగదిలో ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. కూర్చోబోతూ పీట మీద సూదులున్నాయేమోనని చేత్తో తడిమి చూసుకున్నాడు. జాగ్రత్తగల మనిషి. నా కన్ను ఎలా ఉందని అడిగాడు. నీ పని బాగుంటుందని కూడా అన్నాడు. "మీ తమ్ముడు చెడ్డవాడు కాదమ్మా, అవసరం చెడ్డది" అన్నాడు. అప్పుడు నేను నోరు తెరిచి, వాడికి మీరు అడ్వాన్సు ఇచ్చారు కదండీ అన్నాను. ఆయన నా వైపు కాసేపు చూసి, మేం ఎవరికీ అడ్వాన్సు ఇవ్వలేదమ్మా అన్నాడు.

నాకు అంతా అర్థమైపోయింది. జవాబు రాయనన్నావు, స్థలం మాట ఎత్తొద్దన్నావు, ఎందుకో తెలిసిపోయింది. నా కంటి కోసం చేశావు. నిన్ను తిట్టడానికి నాకు నోరెక్కడుంది?

పోయిన సొమ్ము కట్టేస్తే కంపెనీ కేసు వాపసు తీసుకుంటుందన్నాడు. రెండు మిషన్లూ, కాజాల మిషనూ రెడీమేడ్ షాపాయనకి ఇచ్చేశాను. గది అడ్వాన్సు వెనక్కి తీసుకున్నాను. చెవులవి అమ్మాను, చెవులు తేలిగ్గా హాయిగా ఉన్నాయి. చీటీపాట డబ్బు, చేబదుళ్లు అన్నీ కలిపి ఇవాళ మధ్యాహ్నానికి సరిపెట్టాను. ఆయన ఒక కాగితం ఇచ్చాడు. చదివే పెట్టాను సంతకం, నన్ను చదువురానిదాన్ని అనుకోకు. "నా తమ్ముడు వాడుకున్న సొమ్ము, అందులో నా కంటి వైద్యానికి పంపినదానితో సహా, నా ఇష్టప్రకారం తిరిగి చెల్లిస్తున్నాను" అని ఉంది. ఉన్నమాటే కదా అనుకున్నాను. రసీదు కూడా ఇచ్చాడు.

మిషన్లు పోతే పోయాయి. చేతులున్నాయి, కన్ను ఉంది. నువ్వు వచ్చాక చేసిన తప్పు గురించి నేను ఎప్పుడూ ఎత్తను, ఒట్టు. ఒట్టు నిలబెట్టుకోవడం నాకు చేతనవును.

నీ అక్క


మార్చి 30

తమ్ముడూ,

18వ తారీకు ఉత్తరం నిన్న చేరింది.

నువ్వు కట్టొద్దని రాసి పోస్టులో వేసేసరికి నేను మిషన్లు అమ్ముతున్నాను. నీ ఉత్తరం అక్కడ అయ్యగారి బల్ల మీద ముద్ర కోసం పడి ఉంది.

మీ ఊరికి ఫోను చేసి మేనేజరుని అడిగాను, కాగితం వెనక్కి ఇమ్మని. కేసు పోలీసులదమ్మా, మా చేతుల్లో ఏముంది, ఆ కాగితం వాళ్లకి ఇచ్చేశాం అన్నాడు. పీట మీద కూర్చున్నప్పటి గొంతు కాదు అది.

చీపురు తిరగేసిన అక్క ఏమైపోయిందిరా? నా తమ్ముడు దొంగ అని కాగితం మీద సంతకం పెట్టింది. చేతులు విరిగిపోనూ.

అక్క


ఏప్రిల్ 12

అక్కా,

చేతులు విరగ్గొట్టుకుంటే బొత్తాలు ఎవరు కుడతారు? ఊరుకో.

లాయరమ్మకి చెప్పాను. ఫర్వాలేదంది. కాసేపు కాగితాలు సర్దుకుంది, కలం మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. అయినా ఫర్వాలేదనే అంది. స్థలం అమ్మిన కాగితం తెప్పించింది. కొన్నాయన వచ్చి సాక్ష్యం చెబుతానన్నాడు. చీటీల మీద రాత ఎవరిదో తేల్చడానికి పంపించారు. నిన్ను కూడా కోర్టుకి పిలుస్తారు, అప్పటికి కన్ను కుదుటపడుతుంది. వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పు. నాకోసం అబద్ధం చెప్పకు. మన ఇంట్లో అబద్ధాలాడే పని నాది, ఆ పనైనా నాకు ఉండనీ.

తప్పు నీదొక్కదానిదే అనుకోకు. నువ్వు అడిగిన రోజు తియ్యలేదని ఒక్క ముక్క రాసి ఉంటే, ఆయన పీట మీద కూర్చుని ఏం చెప్పినా నీ దగ్గర నా మాట ఉండేది. పౌరుషానికి పోయాను. స్టోరుకీపరు ఉద్యోగానికి పౌరుషమొకటి!

డ్రైవరుకి శిక్ష పడి వేరే బ్లాకుకి మార్చారు. రాత్రిళ్లు గేర్ల చప్పుడు లేక నిద్ర పట్టడం లేదు.

నీ పొట్టోడు


అక్టోబరు 4

అక్కా,

నిన్న తీర్పు చెప్పారు. మూడేళ్లు. ఇక్కడ ఉన్న ఎనిమిది నెలలూ అందులో పోతాయి. లాయరమ్మ ఫోనులో నీకు చెప్పానంది, అయినా నా చేత్తో రాయాలని రాస్తున్నాను.

ఆ రోజు నువ్వు సాక్షి బోనెక్కగానే, నిన్ను చూసి ఎన్నాళ్లయిందో అనుకున్నాను. చిక్కిపోయావు. ఎడమ కన్ను కొంచెం చిన్నదైంది గానీ నన్ను గుర్తుపట్టింది, అది చాలు. మాట్లాడనివ్వరని తెలిసినా ఏదో అనబోయావు.

చీటీల రాత ఎవరిదో తేల్చలేమని రిపోర్టు వచ్చింది. బస్సు నంబరు, లీటర్లు, తారీకు, అన్నీ అంకెలే కదా, అంకెలతో మనిషిని పట్టుకోలేమన్నారు. శనివారం సంతకాల సంగతి మేనేజరు ఎప్పుడూ విననే లేదట. బైబిలూ గీతా ఏది ముందు పెట్టినా అదే చెప్పేవాడు.

పోలీసుల తరఫు లాయరు నిన్ను అడిగిన ప్రశ్న నాకు గుర్తుంది. "సంతకం పెట్టిన రోజు, మీ తమ్ముడే తీశాడని మీరు నమ్మారా, లేదా?" నువ్వు చెంగుతో చెయ్యి తుడుచుకుని, నమ్మాను అన్నావు. లేదని ఒక అబద్ధం చెప్పొచ్చు నువ్వు. చెప్పలేదు. నేనే కదా వద్దన్నాను. దాని గురించి నువ్వు నిద్ర పాడుచేసుకోకు.

ఇంకో మాట విను. నిజానికి అయిదేళ్లు పడాల్సిందట. నువ్వు సొమ్ము కట్టావు కాబట్టి రెండేళ్లు తగ్గించారు. నీ మిషన్లు ఊరికే పోలేదు. రెండు మిషన్లకి రెండేళ్లు. కాజాల మిషను కొసరు.

నీ పొట్టోడు


నవంబరు 2

ఒరేయ్ పొట్టోడా,

తీర్పు కాపీ తెప్పించుకున్నాను. లాయరమ్మ వద్దంది, చదవలేరమ్మా, అన్నీ కోర్టు మాటలు అంది. పెళ్లికూతురి బట్టలకి జరీ కుట్టిన కళ్లు నావి, చదవలేకపోవడమేమిటి? రెడీమేడ్ షాపులో మధ్యాహ్నం తిండి వేళ మూడు రోజులు కూర్చుని చదివాను. అక్కడే పనికి కుదిరాను, కాజాకి ఇంతని. నేను కూర్చునేది నా మిషను ముందే. పెడల్ దగ్గర నేను అరగదీసిన చోటు అలాగే ఉంది.

అయిదేళ్లు అని ఎక్కడా లేదు. తగ్గించామనీ ఎక్కడా లేదు. లాయరమ్మని అడిగితే, మీ తమ్ముడు అలా చెప్పాడా అంది.

పదకొండో పేజీలో ఏముందో నీకు తెలుసు, నువ్వు అక్కడే నిలబడి విన్నావు. నాకు మాత్రం రాయలేదు. స్థలం అమ్మిన డబ్బే కంటికి ఖర్చయిందంటే నమ్మొచ్చు అన్నారు జడ్జీగారు. ఖాళీ చీటీల మీద సంతకాలు పెట్టించుకునే అలవాటు ఉండి ఉండొచ్చు అని కూడా అన్నారు. అక్కడిదాకా చదివి నాకు ఊపిరి ఆడింది. ఆ తర్వాత ఇలా ఉంది: "అయితే నిందితుణ్ణి చిన్ననాటి నుంచి పెంచిన సొంత అక్కే, ఎవరి బలవంతమూ లేకుండా, అతనే తీశాడని నమ్మి సొమ్ము చెల్లించింది. అతన్ని అంతకంటే బాగా ఎరిగినవారు ఈ కోర్టు ముందు మరెవరూ లేరు."

మేనేజరు కాదు, చీటీలు కాదు. నేను.

నీకు అబద్ధం చెప్పడం ఇప్పటికీ రాదురా. అడ్వాన్సు అన్నావు, నా కన్ను కోసం. రెండేళ్లు తగ్గాయన్నావు, నా నిద్ర కోసం. ఇంక నాకోసం ఏమీ చెయ్యకు, నీకు దండం పెడతాను. నేను ఏడుస్తున్నాను, డాక్టరు ఏమనుకున్నా సరే.

పై కోర్టుకి వెళ్తున్నాం. గడువుకి నాలుగు రోజుల ముందే లాయరమ్మ కాగితాలు వేసింది. అక్కడ తేలేసరికి నీ మూడేళ్లు అయిపోవచ్చని కూడా దాచకుండా చెప్పింది. అయిపోనీ. నువ్వు బయటికి వచ్చాకైనా ఆ పదకొండో పేజీ కొట్టేయించాలి. దానికి ఎన్ని కాజాలైతే అన్ని కుడతాను.

ఉత్తరాలు చదివే అయ్యగారూ, మొదట్లో మిమ్మల్ని చెవులు మూసుకోమన్నాను. ఈ కింది ముక్క మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. సంతకం పెట్టిన రోజు ఏం నమ్మావని కోర్టులో అడిగారు, చెప్పాను. ఇప్పుడేం నమ్ముతున్నానో చెప్పబోతే, అడిగినదానికే జవాబు చెప్పమన్నారు. అందుకని మీకు చెబుతున్నాను. మా తమ్ముడు తియ్యలేదు. చదివారు కదా, ముద్ర వేసి వాడికి ఇవ్వండి. ఈసారి పది రోజులు చెయ్యకండి.

నీ అక్క